ఓడ నడిపేవారి చదువు: కోరంగి నాటి నుంచి నేటి దాకా

కాశీపూరు కొండల్లో కాపురముంటూ సముద్రం మీద ఓడ నడపడాన్ని గురించి వ్యాసం రాయడమేమిటని మన సంఘంలో ఒకరిద్దరు అప్పుడే నవ్వారు. నవ్వదగినదే. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లల్లో చాలామంది విశాఖపట్టణంలో చుట్టాలింటికి వెళ్ళినప్పుడే సముద్రాన్ని మొదటిసారి చూస్తారు. అయినా ఈ ఉగాది సంచికకు ఈ విషయమే తీసుకోవడానికి కారణం వున్నది. కిందటి వేసవిలో మనవాళ్ళలో ఒకాయన, పన్నెండో తరగతి ప్యాసయిన కొడుకును వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చారు. "మాస్టారూ, వీడు ఓడలో ఆఫీసరు అవుతానంటున్నాడు. పంపించమంటారా, మానిపించమంటారా? అసలు అక్కడ వీడికి ఏం నేర్పుతారు?" అని అడిగారు. అప్పటికి తోచినదేదో చెప్పి కాఫీ ఇచ్చి పంపించానుగాని, ఆయన అడిగినదానికి సరయిన జవాబు చెప్పలేదన్న వెలితి మనసులో వుండిపోయింది. తర్వాత కొన్ని పుస్తకాలు తెప్పించి చదివాను. విశాఖలో ఓడల్లో పనిచేసి రిటైరైన పెద్దమనిషితో రెండు సాయంకాలాలు కూర్చున్నాను. తెలిసినంత ఇక్కడ రాస్తున్నాను.

మనకు సముద్రం దూరమన్న మాట కూడా సగమే నిజం. కలహండి కొండల్లో పుట్టిన నాగావళి మన రాయగడ మీదుగా దిగి శ్రీకాకుళం దాటి సముద్రంలో పడుతుంది. ఆ కొండల్లోనే పుట్టిన వంశధార గుణుపురం మీదుగా పోయి కలింగపట్నం దగ్గర కలుస్తుంది. కాశీపూరు కలహండి సంస్థానం కిందిది. 1962లో కొరాపుట్ జిల్లాలో చేరింది. 1992లో రాయగడ జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. కొరాపుట్, రాయగడ ప్రాంతాలైతే 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా విశాఖపట్టణం జిల్లాలోనివే. సాలూరు ఘాటీ ఎక్కి, పార్వతీపురం దాటి వచ్చిన మన తాతలు తాము పరదేశం పోతున్నామనుకోలేదు.

రాయగడ మీదుగా పోయే రాయపూర్ - విజయనగరం రైలుమార్గం 1931లో పూర్తయింది. విశాఖ రేవు 1933లో తెరిచారు. ఇవి రెండూ ఒకే ఆలోచనకు పుట్టిన కవలలు. లోపలి దేశపు సరుకు సముద్రానికి చేర్చడానికి రైలు, దాన్ని ఓడకెక్కించడానికి రేవు. ఆ ఏడాది అక్టోబరు 7న రేవులోకి మొట్టమొదట వచ్చిన పెద్ద ఓడ సింధియా కంపెనీవారి 'జలదుర్గ'. రేవు ముఖంలో ఇసుక మేట వేయకుండా, అలలు అడ్డుకోవడానికి, 'జేనస్', 'వెల్లెడ్‌సన్' అనే రెండు పాత ఓడలను రాళ్ళతో నింపి అక్కడే ముంచేశారు. ఓడల దారి కాపాడడానికి ఓడలనే పునాదిరాళ్ళుగా వేయడం నాకు విచిత్రంగా తోచింది. ఈనాడు దామన్‌జోడిలో తయారయ్యే అల్యూమినా రైలులో విశాఖకు పోయి అక్కడ ఓడకెక్కి విదేశాలకు పోతున్నది. మన కొండల మట్టికి సముద్రయానం కొత్త కాదు, మన పిల్లలకే కొత్త.

ఇక తెలుగువారికి ఓడలతో వున్న పాత సంబంధం చదువరులకు తెలిసినదే గనుక క్లుప్తంగా చెపుతాను. శాతవాహనుల నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ వున్నది. విశాఖలో జలాంతర్గామి నావికులకు శిక్షణనిచ్చే నౌకాదళ సంస్థకు 'శాతవాహన' అని పేరు పెట్టినప్పుడు ఆ నాణెం ఎవరికో గుర్తుండే వుంటుంది. కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుపానుకు బద్దలై ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకు ముందరి రాజులు బలవంతంగా లాక్కొనేవారనీ, తాను అట్లా చేయక నిర్ణీత సుంకం మాత్రమే పుచ్చుకొంటాననీ అందులో చెప్పాడు. సముద్రవ్యాపారం చేసేవారికి అంతకు మించిన హామీ ఏముంటుంది? కాని ఓడ బద్దలయ్యాక రాజు దయ చూపడం వేరు, బద్దలు కాకుండా నడపడం నేర్పడం వేరు. ఆ రెండోది ఆ కాలంలో తండ్రి నుంచి కొడుక్కు, సరంగు నుంచి కుర్రవాడికి నోటిమాటగా వచ్చిన విద్య. చుక్కలు, గాలి, నీటి రంగు, పక్షులు ఇవే దాని పుస్తకాలు.

ఆ విద్యకు తెలుగుదేశంలో పుట్టిల్లు కోరంగి. గోదావరి ముఖాన, కాకినాడకు దగ్గరగా, ఓడలు కట్టే, ఓడలు బాగుచేసే రేవుగా అది పేరుపొందింది. అక్కడి నుంచి రంగూనుకు బతకపోయిన మన కూలీలను బర్మాలో 'కోరంగీలు' అన్నారు. శ్రీకాకుళం నుంచి వెళ్ళినవాడైనా, విశాఖ నుంచి వెళ్ళినవాడైనా అందరికీ అదే పేరు. వలసపోయినవాడికి సొంత ఊరి పేరు పోయి, ఓడ ఎక్కిన రేవు పేరు ఇంటిపేరులాగా అంటుకొన్నది. 1930 మే నెలలో రంగూను రేవులో కూలి తగాదా ముదిరి అల్లర్లయినప్పుడు ప్రాణాలు పోగొట్టుకొన్నవారిలో ఈ కోరంగీలు ఎందరో వున్నారు. బర్మా నుంచి తిరిగివచ్చినవారి జ్ఞాపకంగా విశాఖలో బర్మా క్యాంపు అనే పేట నేటికీ వున్నది. మనమూ వలస వచ్చినవాళ్ళమే గనుక ఈ సంగతి కాస్త ఆగి చెప్పాను.

కోరంగికి వచ్చిన ఆపద ఓడలు నడిపే చదువులో ఒక పాఠమయింది. 1789 డిసెంబరులో తుపానుతోపాటు మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి ఆ ఊరి మీద పడ్డాయి. రేవులోని ఓడలు కొట్టుకుపోయాయి, జనం అపారంగా నశించారు. 1839 నవంబరులో మళ్ళీ అటువంటిదే వచ్చింది. ఈ తుపానుల వృత్తాంతాలను కలకత్తాలో కూర్చొని పోగుచేసినవాడు హెన్రీ పిడింగ్టన్ అనే ఇంగ్లీషు దొర. ఆయన స్వయంగా ఓడ నడిపినవాడు, తర్వాత కలకత్తాలో ఓడప్రమాదాలను విచారించే న్యాయస్థానానికి అధ్యక్షుడు. మునిగిన, బయటపడిన ఓడల దినచర్య పుస్తకాలు తెప్పించి, ఏ గంటకు ఏ దిక్కు గాలి వీచిందో పటం మీద గుర్తులు పెట్టి చూశాడు. తుపాను అంటే తిన్నగా వచ్చే గాలి కాదు, చుట్టచుట్టుకొని తిరిగే గాలి అని తేలింది. అటువంటి గాలికి 'సైక్లోన్' అన్న మాటను 1848లో ఆయనే పుట్టించాడు. రేడియోలో మనం రోజూ వినే ఆ మాటకు మూలం మన బంగాళాఖాతమేనన్నమాట.

పిడింగ్టన్ ఆ పుస్తకంతోపాటు పారదర్శకమైన కొమ్ము రేకు మీద గాలి గుర్తులు గీసి ఇచ్చాడు. కెప్టెను ఆ రేకును తన పటం మీద పెట్టి తిప్పుకొంటే తుపాను నడుమ ఎక్కడున్నదో, తాను ఎటు తప్పుకోవాలో తెలిసిపోతుంది. మన ఉత్తరార్ధగోళంలో తుపాను పోయే దారికి కుడిపక్క సగం ప్రమాదకరమైనది, ఎడమపక్క సగం కొంత మేలు. కుడిపక్కన గాలివేగానికి తుపాను నడకవేగం తోడవుతుంది; పైగా ఆ గాలి ఓడను తుపాను దారికి అడ్డంగా తోస్తుంది. గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం ఎడమచేతి వైపున వుంటుందన్న సూత్రమూ ఇప్పటి కుర్రవాళ్ళు వల్లె వేయవలసిందే. ఇంత తెలిసినా సముద్రం సముద్రమే. 2020 అక్టోబరులో వాయుగుండం వచ్చినప్పుడు విశాఖ బయట లంగరు వేసివున్న బంగ్లాదేశ్ ఓడ 'మా' లంగరు ఈడ్చుకొంటూ వచ్చి తెన్నేటి పార్కు రాళ్ళ మీద ఎక్కింది. సిబ్బంది క్షేమంగా దిగారు. ఆ రోజుల్లో విశాఖ వెళ్ళిన మనవాళ్ళు దాని ముందు నిలబడి ఫొటోలు తీయించుకొన్నారు.

ఇదంతా విద్య. ఆ విద్య ఎవరికి చెప్పారన్నది వేరే ప్రశ్న. ఆవిరి ఓడలు వచ్చిన తర్వాత ఇంగ్లీషు కంపెనీలు మనవాళ్ళను వేల సంఖ్యలో లస్కర్లుగా తీసుకొన్నాయి. ఐరోపావారికంటె తక్కువ జీతం, వేరే ఒప్పందం. సరంగు, టండేలు, ఖలాసీ: అంతటితో మెట్లు అయిపోయాయి. చుక్కాని పట్టేవాడు మనవాడే, 'ఎటు తిప్పాలి' అన్నది చెప్పేవాడు మాత్రం దొర. ఓడ పైభాగాన దిక్సూచీ, పటాలూ వుండే చోటుకు మన మనిషి చుక్కాని పట్టడానికో టీ అందించడానికో తప్ప పోరాదు. కెప్టెను సర్టిఫికెట్టు కావాలంటే ముందు అప్రెంటిసుగా ఓడలో పనిచేయాలి. అప్రెంటిసుగా మనవాళ్ళను కంపెనీలు చేర్చుకోవు. తలుపు మూసిందెవరని అడిగితే, తలుపే లేదు కదా అన్నట్టుండేది వ్యవహారం.

1919 ఏప్రిల్ 5న సింధియా కంపెనీ ఓడ 'లాయల్టీ' బొంబాయి నుంచి లండనుకు బయలుదేరింది. ఆ తేదీనే 1964 నుంచి జాతీయ నౌకాదినంగా జరుపుకొంటున్నాము. సొంత ఓడలు వచ్చాయిగాని, నడపడానికి సొంత ఆఫీసర్లు లేరు. కేంద్ర శాసనసభలో పట్టుపట్టగా 1923లో ఒక కమిటీ వేశారు. ఆ కమిటీ సిఫారసు ఫలితంగా 1927లో బొంబాయిలో 'డఫెరిన్' శిక్షణనౌక మొదలయింది. అది 1904లో కట్టిన పాత సైనికుల ఓడ. దాన్నే బడిగా మార్చారు. ఆ ఓడ 1972 దాకా పనిచేసింది. దాని తర్వాత 'రాజేంద్ర', 1993 నుంచి నవీ ముంబయిలో 'చాణక్య'. చాణక్య పేరుకే ఓడ, నిజానికి నేల మీది కళాశాల.

డఫెరిన్ మొదటి తరగతిలో చేరిన కుర్రవాళ్ళలో ఒకడు రామదాస్ కటారి. 1911లో చెంగల్పట్టులో పుట్టినవాడు. శిక్షణ ముగిశాక హుగ్లీ నదిలో కొన్నేళ్ళు పనిచేశాడు. ఇసుకతిన్నెలు పూటకొక చోటికి మారే ఆ నదిలో ఓడదారి కొలవడం కంటె కఠినమైన బడి మరొకటి లేదంటారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో నౌకాదళంలో చేరి, 1958 ఏప్రిల్ 22న భారత నౌకాదళానికి మొట్టమొదటి భారతీయ అధిపతి అయ్యాడు. పదవీ విరమణ తర్వాత బర్మాలో మన రాయబారిగా వెళ్ళాడు. కోరంగీలు ఓడ అడుగు అంతస్తులో కుక్కుకొని వెళ్ళిన రేవుకు, ఓడ పైభాగాన నిలబడే హక్కు సంపాదించిన మొదటి తరం మనిషి రాయబారిగా వెళ్ళాడు. మధ్యన గడిచినది ఒక్క మనిషి జీవితకాలమే.

విశాఖ సంగతి మరువరాదు. వాల్‌చంద్ హీరాచంద్ పూనికతో సింధియా నౌకానిర్మాణశాలకు 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. స్వతంత్రం వచ్చాక అక్కడ కట్టిన మొదటి పెద్ద ఓడ 'జల ఉష'ను 1948 మార్చి 14న పండిట్ నెహ్రూ నీటిలోకి దింపారు. సరుకు ఓడల్లో పనిచేసే నావికులకు శిక్షణ ఇచ్చే 'మేఖల' అనే ఓడ కూడా విశాఖలోనే వుండేది. కలకత్తాలో 'భద్ర', పడమటి తీరాన 'నౌలక్షి', ఇక్కడ 'మేఖల'. అయితే ఇవి ఆఫీసర్ల బడులు కావు, పనివారి బడులు. ఆఫీసరు కావాలంటే తెలుగు కుర్రవాడు చాలాకాలం బొంబాయి రైలే ఎక్కవలసి వచ్చింది. 2008లో ఏర్పడిన భారత సముద్ర విశ్వవిద్యాలయానికి విశాఖలో ప్రాంగణం వున్నదిగాని, అక్కడ ప్రధానంగా చెప్పేది ఓడలు కట్టే శాస్త్రం.

డఫెరిన్ నాటి చదువు గట్టిది. ముడులు వేయడం, పడవ తెడ్డు వేయడం, సెక్స్‌టంటుతో సూర్యుణ్ణి కొలవడం, కవాతు, క్రమశిక్షణ, అన్నిటికన్న ముఖ్యంగా పైవాడి ఆజ్ఞను మారుమాట్లాడక పాటించడం. ఓడలో కెప్టెను మాటకు మించిన మాట లేదు. తర్వాత కాలంలో పట్టుకొన్న లోపం ఇక్కడే వున్నది. ఓడలు చెడ్డ నావికుల వల్ల మునిగినదానికంటె, మంచి నావికుడి తప్పును పక్కవాడు చూసీ నోరు మెదపకపోవడం వల్ల మునిగినదే ఎక్కువని విచారణల్లో పదే పదే బయటపడింది.

మొదటి పెద్ద దెబ్బ 1967 మార్చి 18న తగిలింది. 'టోరీ కాన్యన్' అనే చమురు ఓడ సుమారు 1,19,000 టన్నుల ముడిచమురుతో ఇంగ్లాండు నైరుతి కొసన సెవెన్ స్టోన్స్ రాళ్ళ మీద ఎక్కింది. పగటివేళ, మంచి వెలుతురు, అనుభవజ్ఞుడైన కెప్టెను. చేరవలసిన రేవులో నీటిపోటు వేళకు అందుకోకపోతే రోజుల తరబడి ఆగాలి. ఆ తొందరలో ముందు అనుకోని దారిలో, దీవులకూ రాళ్ళకూ మధ్య నుంచి పోదామనుకొన్నాడు. దారిలో చేపల పడవలు అడ్డం వచ్చాయి. చివరి నిమిషంలో చుక్కాని తిప్పబోతే, దాని మీట వేరే స్థానంలో వుండి చుక్కాని తిరగలేదు. ఇంగ్లాండు, ఫ్రాన్సు తీరాలు నల్లబడ్డాయి. ఓడ ఆఫీసరు చదువుకు ప్రపంచమంతటా ఒకే కొలబద్ద వుండాలన్న 1978 నాటి అంతర్జాతీయ ఒడంబడికకు ఈ ప్రమాదం ఒక కారణం.

అప్పటి నుంచి ప్రయాణ ప్రణాళిక అన్నది ప్రత్యేక పాఠమయింది. మన అల్యూమినా విశాఖలో ఎక్కించి జపానుకు పంపుతున్నామనుకోండి. రెండవ ఆఫీసరు ముందుగా పటాలు, నీటిపోట్ల పట్టికలు, వాతావరణ సూచనలు, హెచ్చరికల పుస్తకాలు ముందు వేసుకొని కూర్చుంటాడు. అక్టోబరు, నవంబరులైతే బంగాళాఖాతంలో తుపాను మాటేమిటి? అండమాన్ నికోబార్ దీవుల నడుమ పది డిగ్రీల చానలు గుండా పోవాలా, గ్రేట్ నికోబారుకు దక్షిణంగా పోవాలా? మలక్కా, సింగపూరు జలసంధుల్లో పెద్ద ఓడ అడుగుకూ సముద్రపు నేలకూ మధ్య కనీసం మూడున్నర మీటర్ల నీరు వుండాలి. మన ఓడ ఎంత లోతు మునిగివుంది? అది పరిశీలన. ఆ తర్వాత పటం మీద గీత గీస్తాడు. గీత ఒక్కటీ చాలదు. ఎక్కడ చుక్కాని తిప్పడం మొదలుపెట్టాలో, ఎక్కడ అడుగు పెట్టరాదో, ఎక్కడిదాకా వచ్చాక ఇక వెనక్కి మళ్ళే వీలు లేదో ముందే గుర్తుపెడతాడు. ఇది రేవు బయటి నుంచి మొదలు కాదు. విశాఖ లోపలి రేవులో ఓడ కట్టిన గట్టు నుంచి, డాల్ఫిన్ కొండ పక్క ఇరుకు కాలువ గుండా బయటపడి, అక్కడ జపానులో గట్టుకు తాడు వేసేదాకా వుండాలి. ఆ పైన అమలు, అమలు జరిగేటప్పుడు పర్యవేక్షణ. ఈ నాలుగు మెట్లను అంతర్జాతీయ సముద్ర సంస్థ 1999లో తీర్మానంగా ప్రకటించింది. 2002 జూలై నుంచి ప్రణాళిక లేకుండా ఓడ కదలరాదని నియమమయింది. మన ఇళ్ళలో పెళ్ళికి బయలుదేరేముందు వర్జ్యం చూడడం మరిచిపోము గాని, బస్సు టైము చూడడం మరిచిపోతాము. వీళ్ళకు ఆ వీలు లేదు.

గీత బాగా గీశాక కూడా దాన్ని అందరూ చూడాలి. ఇక్కడ 'బ్రిడ్జి' అన్న మాట చెప్పాలి. ఓడలో బ్రిడ్జి అంటే కెప్టెను, ఆఫీసర్లు నిలబడి ఓడ నడిపే ఎత్తైన గది. పూర్వం ఆవిరి ఓడలకు రెండు పక్కలా పెద్ద చక్రాలుండేవి. ఆ చక్రాల గూళ్ళను కలుపుతూ అడ్డంగా వేసిన వంతెన మీద నిలబడి కెప్టెను ఆజ్ఞలిచ్చేవాడు. చక్రాలు పోయాయి, వంతెన పోయింది, పేరు మిగిలింది. ఆ గదిలో కెప్టెను, ఆఫీసరు, చుక్కాని పట్టేవాడు, కాపలా చూసేవాడు, రేవు దగ్గరైతే ఆ రేవు పైలటు, ఇంతమంది వుంటారు. వీరందరూ ఒక జట్టుగా పనిచేయాలన్నది విమానాల నుంచి నేర్చుకొన్న పాఠం.

1977 మార్చి 27న తెనెరిఫ్ దీవి విమానాశ్రయంలో రెండు పెద్ద విమానాలు నేల మీదనే గుద్దుకొని 583 మంది చనిపోయారు. పొగమంచులో ఒక విమానం ఎగరడానికి పరుగు మొదలుపెట్టింది. ఎదుటి విమానం ఇంకా దారిలోనే వుందేమోనని అందులోని ఇంజనీరుకు అనుమానం వచ్చింది. అడిగాడు కూడా. కాని గౌరవంగా, మెల్లగా, ప్రశ్నలాగా అడిగాడు. పేరుమోసిన పెద్ద కెప్టెను తోసిపుచ్చాడు. ఇంజనీరు మళ్ళీ అడగలేదు. ఇటువంటివి చూసిన తర్వాత విమాన కంపెనీలు చిన్నవాడు పెద్దవాడికి ఎట్లా చెప్పాలో, పెద్దవాడు ఎట్లా వినాలో పాఠంగా నేర్పడం మొదలుపెట్టాయి.

సముద్రంలో అటువంటి గుణపాఠం 1992 ఆగస్టు 7న 'క్వీన్ ఎలిజబెత్ 2' నేర్పింది. అమెరికా తూర్పు తీరంలో ఆ గొప్ప ప్రయాణికుల ఓడ రాతికి అడుగు రాసుకొన్నది. ఓడ మునిగివున్న లోతు సుమారు 32 అడుగులు, పటంలో చూపిన లోతు 39 అడుగులు. ఏడు అడుగుల తేడా వుందికదా అనుకొన్నారు. కాని తక్కువ లోతు నీటిలో ఓడ వేగంగా పోయేకొద్దీ ఇంకా కిందికి కుంగుతుంది. వేగం రెట్టింపయితే ఆ కుంగుబాటు సుమారు నాలుగింతలవుతుంది. ఓడ ఆ సమయంలో మంచి వేగం మీద వున్నది. పైగా ఆ రాయి పటంలో లేనేలేదు. రేవు పైలటుకు ఒక దారి మనసులో వున్నది, ఓడ ఆఫీసర్లకు మరొకటి. ఇరువురూ కూర్చొని ఒక దారి ఒప్పుకోలేదని విచారణలో తేలింది. 1990ల మొదట్లోనే ఓడ ఆఫీసర్లకు ఈ జట్టుపని పాఠాలు మొదలయ్యాయి. 2010లో మనీలాలో చేసిన సవరణలతో అవి ప్రతి ఆఫీసరుకూ తప్పనిసరి అయ్యాయి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఈ భాగమే. మన ఇళ్ళలో పెద్దల మాటకు ఎదురు చెప్పకపోవడం మర్యాద. బావగారు దారి తప్పించి బండి తోలుతున్నా, "బావగారూ, ఈ దారి కాదేమో" అని గొణగడమే గాని గట్టిగా అనము. ఆ మర్యాదే ఓడ మీద ప్రాణం తీస్తుంది. విశాఖ పెద్దమనిషి చెప్పినది: ఈ పాఠంలో కుర్రవాడికి కోపంగా మాట్లాడడం నేర్పరు. చూసినది చూసినట్టు, అంకెలతో, అందరికీ వినబడేటట్టు చెప్పడం నేర్పుతారు. "సర్, మనం గీతకు ఎడమగా రెండు వందల మీటర్లు వున్నాము. మలుపు మూడు నిమిషాల్లో వుంది." జవాబు రాకపోతే మళ్ళీ చెప్పాలి. ఆజ్ఞ ఇచ్చినవాడు ఏమన్నాడో చుక్కాని పట్టేవాడు అదేమాట తిరిగి పలకాలి. పని అయ్యాక అయిందని మళ్ళీ చెప్పాలి. కెప్టెను కూడా తన ఆలోచన పైకి చెపుతూ వుండాలి. కొత్తలో ఇది తనకు నాటకంలాగా తోచిందనీ, ఒక రాత్రి సింగపూరు దగ్గర తనకంటె పదిహేనేళ్ళు చిన్నవాడు చెప్పిన ఒక్క మాటవల్ల ఓడ మళ్ళించుకొన్నప్పటి నుంచి నాటకమనుకోలేదనీ ఆయన అన్నారు.

2024 మార్చి 26 రాత్రి అమెరికాలోని బాల్టిమోర్ రేవు నుంచి బయలుదేరిన 'డాలీ' ఓడ విద్యుత్తు పోయి అక్కడి పెద్ద వంతెన స్తంభాన్ని గుద్దింది. సిబ్బందిలో అత్యధికులు భారతీయులే. ఓడను ఆపే శక్తి వారి చేతుల్లో లేకపోయింది. వంతెన మీద పనిచేస్తున్న ఆరుగురు కూలీలు చనిపోయారు; వాళ్ళూ పరదేశాల నుంచి బతకవచ్చినవాళ్ళే. కాని ఓడలోని పైలటు వెంటనే కబురు చేయడంవల్ల పోలీసులు వంతెన మీదికి బండ్లు రాకుండా ఆపగలిగారు. తప్పు జరిగిన తర్వాత మిగిలిన నిమిషాలను ఎట్లా వాడుకోవాలన్నది కూడా ఈ చదువులో భాగమే.

ఇక ఓడను తిప్పే నేర్పు. బస్సు మలుపు తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందరి చక్రాలు పోయిన దారికి కాస్త లోపలిగా వస్తాయి. ఓడ అట్లా కాదు. ముందుకు పోయే ఓడ తన ముక్కుకు దగ్గరలో వున్న ఒక బిందువు చుట్టూ తిరుగుతుంది. వెనుకభాగం బయటికి విసురుగా పోతుంది. వెనక్కి నడిపితే మరమర తిరిగే దిక్కునుబట్టి తోక ఒక పక్కకు లాగుతుంది. ఇరుకు కాలువలో గట్టుకు దగ్గరగా పోతే తోకను గట్టు తనవైపు లాక్కొంటుంది. నిండు చమురు ఓడ ఆపాలంటే రెండు మూడు మైళ్ళు కావాలి. ఇవి పుస్తకంలో చదివితే రావు. అయితే నిజమైన ఓడతో తప్పులు చేసి నేర్చుకోవడానికి ఎవరు ఇస్తారు?

దానికి ఫ్రాన్సువారు 1967లో చక్కని ఉపాయం చేశారు. సముద్రానికి ఎంతో దూరాన, గ్రెనోబుల్ దగ్గర కొండల్లో, పోర్ట్ రెవెల్ అనే చెరువు దగ్గర బడి పెట్టారు. నిజమైన ఓడలకు ఇరవై అయిదో వంతు చిన్నవి చేసి, అందులో మనిషి కూర్చొనేటట్టు, ఆయన కన్ను సరిగ్గా నిజమైన బ్రిడ్జి ఎత్తుకు సరిపడేటట్టు అమర్చారు. చెరువులో అలలు, ప్రవాహాలు పుట్టించే యంత్రాలు, చిన్న రేవులు, చిన్న గట్టులు. ఆ కొలతలో కాలం అయిదింతలు వేగంగా నడుస్తుంది: సముద్రంలో అయిదు నిమిషాలు పట్టేది అక్కడ ఒక నిమిషంలో జరిగిపోతుంది. ఆలోచించే వ్యవధి వుండదు. ప్రపంచంలోని పెద్ద పెద్ద కెప్టెన్లు, పైలట్లు ఆ కొండచెరువుకు వచ్చి బొమ్మ ఓడలను గట్టుకు గుద్ది నేర్చుకొని వెళతారు. ఇటువంటి చెరువు బడి ఇంగ్లాండులోనూ, పోలండులోనూ కూడా వున్నది. గదిలోనే గోడల మీద సముద్రాన్ని చూపించే యంత్రాలు మన దేశంలో ముంబయిలోనూ, మరికొన్ని చోట్లా వున్నాయి. కొండల్లో వున్నవాడికి ఓడ ఎందుకని నవ్వినవారికి నా జవాబు ఈ పోర్ట్ రెవెల్.

ఆ తండ్రిగారికి కావలసిన వివరం రెండు మాటల్లో. పన్నెండో తరగతిలో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, గణితం వుండాలి. ఇంగ్లీషు బాగా రావాలి. సముద్ర విశ్వవిద్యాలయం జరిపే ప్రవేశపరీక్ష రాయాలి. ఒక దారిలో ఏడాది కళాశాల, తర్వాత పద్దెనిమిది నెలలు ఓడ మీద. మరో దారిలో మూడేళ్ళ డిగ్రీ, తర్వాత ఏడాది ఓడ మీద. ఆ పైన రెండవ మేటు, మొదటి మేటు, మాస్టరు పరీక్షలు ఒకదాని తర్వాత ఒకటి. ఆడపిల్లలూ చేరవచ్చు, చేరుతున్నారు. నౌకాయాన డైరెక్టరు జనరల్ ఆమోదం వున్న బడేనా అని తప్పక చూసుకోవాలి. శిక్షణ అయినా ఓడలో చోటు దొరకక కూర్చొన్న పిల్లలున్నారు గనుక, ముందే కంపెనీ హామీ వున్నదా లేదా అడగాలి. మా బంధువుల కుర్రవాడొకడికి ఓడలో వుద్యోగమని చెప్పి ఒక దళారి రెండు లక్షలు పుచ్చుకొని, నకిలీ కాగితం చేతిలో పెట్టి మాయమయ్యాడు. డబ్బు పోతే పోయింది, వాడు ఏడాదిపాటు ఇల్లు కదలలేదు.

జీతం మంచిదే. ఆరేసి నెలలు ఇంటికి దూరం. సంక్రాంతికి వుంటాడో వుండడో తెలియదు. తల్లి ఆ సంగతి అడిగిందని తర్వాత తెలిసింది. నేను దానికి జవాబు చెప్పలేను.

ఆ కుర్రవాడు ఈ ఏడు ప్రవేశపరీక్ష రాస్తున్నాడు. మొన్న విశాఖలో కళ్ళ పరీక్ష చేయించారు. ఎరుపూ ఆకుపచ్చా చక్కగా గుర్తుపట్టాడట. వచ్చేటప్పుడు రేవు చూపించమని తండ్రిని అడిగి, డాల్ఫిన్ కొండ పక్క నుంచి ఒక ఓడ లోపలికి వచ్చేదాకా ఎండలో నిలబడి, రాయగడ రైలు తప్పించుకొన్నారు.